తలుపు అవతలి ఒడియా

నేను ఆపరేషన్ బల్ల మీంచి దూకి పారిపోయానని యాంగోన్ తెలుగువాళ్ళలో ఒక కథ తిరుగుతోంది. అమ్మవారి గుడికి వెళ్తే ఒకరు, పెళ్ళి భోజనాల దగ్గర ఇంకొకరు నా పక్కకొచ్చి భుజం మీద చెయ్యేసి, "ఏటప్పా, అంత బయమైతే ముందే సెప్పాలి గానీ, బల్ల మీంచి దూకీడమేటి?" అని నవ్వుతారు. ఆ నవ్వేవాళ్ళలో ఒక్కరు కూడా ఆ రోజు అక్కడ లేరు. ఉన్నది ఇద్దరు: మా ఆయన, ఆయనకి అక్క అయిన మా వదిన. ఆయన నోరు విప్పే మనిషి కాదు. కథ ఎవరి దగ్గర పుట్టిందో కనిపెట్టడానికి పెద్ద తెలివి అక్కర్లేదు.

ముందు ఆ దూకడం సంగతి తేల్చాలి. నలభై తొమ్మిదేళ్ళ మనిషిని. ముందురోజు రాత్రి నుంచి మంచినీళ్ళు కూడా లేవు. ఒంటి మీద వెనకవైపు ముళ్ళు సరిగా పడని ఆకుపచ్చ గౌను. అలాంటిదాన్ని దూకుతానా? స్ట్రెచర్ పక్క కమ్మీ దించమని నర్సుని అడిగాను. దించలేదు. నేనే దించుకుని ఒక కాలు, ఆ తరవాత ఇంకో కాలు నేల మీద పెట్టాను. బల్ల ఉన్న గదిలోకి నన్ను అప్పటికింకా తీసుకెళ్ళనే లేదు. పారిపోయేవాళ్ళు వీధి వైపు వెళ్తారు. నేను డాక్టరమ్మ గది వైపు వెళ్ళాను. గౌను వెనక భాగం ఒక చేత్తో మూసి పట్టుకుని మరీ నడిచి వెళ్ళాను.

భయపడలేదని బుకాయించను. పది రోజులు అన్నం గొంతు దిగలేదు. కానీ కత్తికి భయపడ్డానని చెప్తారు చూడండి, అక్కడ నాకు ఒళ్ళు మండుతుంది.

ఏడాదిగా నెలలో సగం రోజులు రక్తం పోయేది. గర్భసంచిలో కణుతులున్నాయి, తీసేయడం మేలు అంది డాక్టరమ్మ. బర్మా ఆవిడ, నాకన్నా చిన్నదే, మంచి చెయ్యి అని పేరు. నేను ఒక్క క్షణం ఆలోచించలేదు. ఒక కొడుకుని మోసింది, దాని పని అయిపోయింది, తీసేయండి అన్నాను. అప్పటికి నాకు భయమూ లేదు, కోపమూ లేదు. ఆఫీసులో సెలవు పెట్టాను, ఇంట్లో ఊరగాయ జాడీలు పై అరల్లోంచి కింది అరల్లోకి దింపుకున్నాను, ఆపరేషన్ అయ్యాక చేతులు పైకెత్తకూడదంటారు కదా అని. ఆపరేషన్ ముందు ఇంకొక్కసారి స్కానింగ్ చేయించుకు రమ్మంది. చేయించుకుని వెళ్ళాం, ముగ్గురం.

డాక్టరమ్మ ఆ ఫిల్మును వెలుతురుకెత్తి చూసింది. మళ్ళీ చూసింది. తరవాత నా వైపు కాకుండా తలుపు వైపు చూసి, "లూనాషిన్ వచ్చారా?" అంది.

రోగి వెంట వచ్చిన సొంతమనిషిని ఇక్కడ అలా అంటారు. విడదీసి చూస్తే రోగికి యజమాని అని అర్థం. పుట్టి పెరిగిన ఊళ్ళో వేలసార్లు విన్న మాట, ఎన్నడూ విడదీసి చూడలేదు. ఆ రోజు చూశాను. నన్ను బయట బెంచీ మీద కూర్చోమని, నా యజమానుల్ని లోపలికి పిలిచారు. కడుపు నాది, ఫిల్ములో ఉన్నది నా లోపలి సరుకు, దాని గురించి మాట్లాడుకోవడానికి అడ్డం మాత్రం నేనే.

ఈ ఊళ్ళో ఇదే పద్ధతి. గట్టి జబ్బు అయితే రోగికి చెప్పరు, ఇంట్లోవాళ్ళకి చెప్తారు. రోగి మనసు కుంగిపోతుందట. చెప్పాలా వద్దా అన్నది ఇంట్లోవాళ్ళు తేల్చుకుంటారు. మా నాన్న పోయేముందు మేమూ అలాగే చేశాం. ఆ సంగతి తరవాత చెప్తాను, ఇప్పుడు చెప్తే నా కోపం చల్లారిపోతుంది.

బెంచీ పక్కనే ఆడవాళ్ళ మరుగుదొడ్డి. లోపలికి వెళ్ళాను. ఎక్కడికెళ్ళినా ముందు అదెక్కడుందో చూసుకునే రోజులవి. కాసేపటికి వదిన తలుపు తట్టింది.

"లోపలున్నావేటే?"

"ఉన్నాను వదినా. వస్తన్నాను."

"నెమ్మదిగా రా. తొందరేటీ నేదు."

ఆ వెంటనే తలుపు అవతల ఇద్దరూ ఒడియాలో మాట్లాడుకోవడం మొదలుపెట్టారు.

ఇక్కడ కొంచెం వెనక్కి వెళ్ళాలి. మా పుట్టింటివాళ్ళు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినవాళ్ళు. మా తాత అహ్లోన్ రైసు మిల్లుల్లో బస్తాలు మోశాడు. మా అత్తింటివాళ్ళు గంజాం నుంచి వచ్చారు. తెలుగువాళ్ళే, కానీ ఒడియా కూడా వాళ్ళకి ఇంటి మాటే. నేను కోడలిగా వెళ్ళిన మొదటి వారంలోనే కనిపెట్టాను: నా ముందు మామూలు మాటలు తెలుగులో, నన్ను గురించిన మాటలు ఒడియాలో. అన్నం మెత్తగా వండితే తెలుగు ఆగిపోయి ఒడియా వచ్చేది. చదువుకున్న పిల్ల కదా, వంగి పని చేయదు అన్నది ఒడియాలోనే విన్నాను. అంటే, విన్నది అప్పుడే. అర్థమయ్యింది ఆర్నెల్ల తరవాత.

ఆర్నెల్లు చెవులు రిక్కించి నేర్చుకున్నాను. నేర్చుకున్నానని ఎవరికీ చెప్పలేదు. ఎందుకు చెప్తాను? ఎవరొస్తున్నారో, ఎవరు ఏమనుకుంటున్నారో, నా ఉద్యోగం మాన్పించాలని ఎప్పుడు అనుకుంటున్నారో, అన్నీ నాకు ముందే తెలిసేవి. ఉద్యోగం మాన్పించే మాట తెలుగులోకి వచ్చేసరికి నేను జవాబుతో సిద్ధంగా ఉన్నాను. ఆ ఇంట్లో నాకంటూ తాళం వేసుకోగలిగింది అదొక్కటే. అత్తమామలు పోయారు, భర్త పోయాక వదిన మా ఇంటికొచ్చి పదకొండేళ్ళయింది, ఇరవై ఆరేళ్ళ తరవాత కూడా నాకు ఒడియా రాదనే వాళ్ళ నమ్మకం.

లోపల డాక్టరమ్మ చెప్పింది వదినకి సగమే అర్థమైనట్టుంది, తలుపు అవతల మా ఆయన మళ్ళీ చెప్తున్నాడు. కుడివైపు అండాశయం మీద గడ్డ ఉందట. చూడ్డానికి బాగోలేదట. కోసి చూసి, చెడ్డదైతే రెండు అండాశయాలూ తీసేస్తారట, కోత బొడ్డు దాటి పైదాకా వెళ్తుందట. మామూలుగా నాలుగు ముక్కల్లో తేల్చేసే మనిషి, ఆ రోజు ఒక్కొక్కటీ విడమరిచి చెప్పాడు. వదిన "హే జగన్నాథా" అంది. తరవాత, "తాకు కుహ నాహి" అంది.

దానికి చెప్పొద్దు అని.

నేను కుళాయి విప్పి చేతులు కడుక్కున్నాను. సబ్బు లేదు. అయినా చాలాసేపు కడుక్కున్నాను. బయటికొస్తే వదిన ముఖం నిండా నవ్వు.

"ఏటన్నాది వదినా?"

"ఏటంటాది? ముందు సెప్పిందే. సిన్న ఆపరేషను. పన్ను పీకినట్టు."

"మరి అంతసేపేటి?"

"రకతం గురించి అడిగినారే. ఇద్దరు మనుషుల్ని సూసి ఉంచుకోమన్నారు." మా ఆయన వైపు తిరిగింది. "అంతే కదేటిరా?"

ఆయన నా వైపు చూడలేదు. తల మాత్రం ఊపాడు.

ఇక ఆ పది రోజులు. అప్పుడే ఎందుకు అడగలేదు, అంత నోరున్నదానివి కదా అని నన్ను నేనే ఎన్నోసార్లు అడుక్కున్నాను. అడిగితే నా తాళం విప్పి చూపించాలి, అది ఒకటి. ఆ సాకు వెనక ఇంకొకటి ఉంది, అది చెప్పకపోతే నేనూ వదిన లాగే అవుతాను. అడిగితే జవాబు చెప్తారేమోనని భయం. తలుపు సందుల్లోంచి విన్న మాట అబద్ధమయ్యే వీలుంది. ముఖం మీద చెప్పిన మాటకి ఆ వీలు లేదు.

కాబట్టి సగం తెలిసి, సగం తెలియక తిరిగాను. పూర్తిగా తెలియకపోతే హాయిగా ఉందును. పూర్తిగా తెలిసినా ఏదో ఒకటి చేద్దును. పైదాకా అంటే ఎక్కడిదాకా? స్నానాల గదిలో బొడ్డు మీద వేలు పెట్టి, అక్కడి నుంచి పైకి గీసుకుంటూ వెళ్ళేదాన్ని. రొమ్ముల దాకా వెళ్ళి ఆగేదాన్ని. కర్టెన్లన్నీ ఉతికాను. ఇస్త్రీ సగంలో కరెంటు పోతే పెట్టె చల్లబడేది, మళ్ళీ వచ్చేదాకా దాని ముందే కూర్చునేదాన్ని. ఒక ఆలోచన ఆ కరెంటు దగ్గరే పట్టుకుంది: నా పొట్ట తెరిచి ఉన్నప్పుడు పోతే? ఆసుపత్రిలో జనరేటర్ ఉంటుంది. ఉంటుందని నాకు తెలుసు. తెలిస్తే మాత్రం?

కాస్త తెరిపి ఇచ్చింది దెబ్బలాట ఒక్కటే. కూరగాయల ఆవిడతో, బస్సు కండక్టరుతో, పై అంతస్తు నుంచి నీళ్ళు పారబోసేవాడితో. గొంతెత్తి అరుస్తున్నంతసేపూ కడుపులో ఆ గడ్డ కనబడేది కాదు. ఆఫీసులో మరీను. చౌక్తడాలో కోర్టు దగ్గర ఒక లాయరు గారి ఆఫీసులో ఇరవై రెండేళ్ళుగా నాది కాయితాలు తయారుచేసే పని. అమ్మకాలు, అద్దెలు, పవరాఫ్ అటార్నీలు. చదవకుండా సంతకానికి కలం ఎత్తిన ప్రతివాళ్ళనీ తిట్టడం అక్కడ నాకు అలవాటు. ఆ వారం ఒక పెద్దమనిషి, "మా తమ్ముడు చదివాడమ్మా, నాకెందుకు" అని కలం ఎత్తాడు. కాయితం లాక్కున్నాను.

"ఇల్లు ఎవరిది?"

"నాదే."

"మరి మీ తమ్ముడు చదివితే మీకేం తెలుస్తుంది? పోయేది మీ ఇల్లా, మీ తమ్ముడిదా?"

ఆయన కలం కింద పెట్టాడు. లాయరు గారు అద్దాల పైనుంచి చూశారు. నేను లేచి వెళ్ళి మెట్ల దగ్గర నిలబడ్డాను. ఎవరిని తిట్టానో నాకు తెలుసు.

మా ఆయనకి ఒక్కసారి అవకాశం ఇచ్చాను. ఆసుపత్రిలో చేరే ముందురోజు, ఆయన అన్నం తింటుండగా.

"ఏటండి, ఆ డాక్టరమ్మ ఇంకేటీ సెప్పనేదా?"

"ఏటి సెప్తాది?"

"మిమ్మల్నే అడుగుతున్నాను."

ఆయన కంచంలో చారు పోసుకున్నాడు. పోసిన చారు మీద మళ్ళీ పోసుకున్నాడు. "అబ్బాయికి సెప్పినావేటి నువ్వు?" అన్నాడు.

మా అబ్బాయి మాండలేలో ఉద్యోగం. వాడికి ఆపరేషన్ సంగతే చెప్పలేదు. గాబరా పడిపోతాడు, అయ్యాక చెప్దాం అన్నది నేనే. సరిగ్గా గురి చూసి కొట్టాడు.

"కోసేది వాడి కడుపు కాదు," అన్నాను. జవాబు బాగానే ఉంది. అయినా ఆ పూట నేను అన్నం తినలేకపోయాను.

ఆసుపత్రిలో నా పక్క మంచం మీద ఒక బర్మా ముసలావిడ. తుంటి ఎముక విరిగి వచ్చింది. తెల్లారగానే నేనే వారం పుట్టానో అడిగింది. ఇక్కడ పేరు కన్నా ముందు వారం అడుగుతారు. బుధవారం అన్నాను. ఆవిడ నోరు తెరిచింది. "ఈ రోజు బుధవారమే కదా! పుట్టిన వారం నాడు మేం జుట్టు కూడా కత్తిరించం. నీ కడుపు కోస్తున్నారా?"

అది విని మా వదిన గంగవెర్రులెత్తిపోయింది. "ఓలమ్మో! ఎవులూ సెప్పనేదేటి? ఉండు, నానెల్లి డాక్టరమ్మని అడుగుతాను. గురువారానికి మార్చమంటాను." చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని బయల్దేరింది. నేను చెయ్యి పట్టుకుని ఆపాను. నాలోంచి ఏం తీస్తున్నారో నాకు చెప్పడానికి పది రోజుల్లో పెగలని నోరు, వారం మార్చమని డాక్టరుని నిలదీయడానికి ఎంత చురుగ్గా లేచిందో చూడండి.

తరవాత నర్సు వచ్చి ఒంటి మీద లోహం ఉండకూడదంది. గాజులు తీశాను. మట్టెలు రాలేదు, వదిన సబ్బునీళ్ళు రాసి లాగింది. పుస్తెల దగ్గరికొచ్చేసరికి వదినకి ఏడుపు. బంగారం తీస్తే పసుపుతాడైనా ఉండాలట. తాడు సంచిలో ముందే తెచ్చింది. నర్సు వద్దంటే, వదిన బతిమాలితే, చివరికి నా మణికట్టుకి కట్టి పైన ప్లాస్టరు వేసింది ఆ పిల్ల. "అమ్మయ్య," అంది వదిన. నిజంగానే ఆవిడ ముఖంలో భయం తగ్గింది. ఆవిడకి నా మీద ప్రేమ లేదని నేను అనలేను. అదే నా ఇబ్బంది. లేకపోతే ఎంత సులువుగా తిట్టేద్దును.

స్ట్రెచర్ మీద పడుకోబెట్టి తోసుకుంటూ వెళ్ళారు. పైన లైట్లు ఒకటొకటే దాటుతున్నాయి. థియేటర్ తలుపుల ముందు ఆపి, ఇంకో నర్సు ఫైలు విప్పింది. పేరు అడిగింది, వయసు అడిగింది.

"ఏం ఆపరేషన్ అమ్మా?"

"గర్భసంచి తీసేది."

ఆ పిల్ల కాయితం చూసింది. తరవాత మా వదిన వైపు చూసింది. వదిన తల కొంచెం అడ్డంగా ఊపింది. నర్సు పేజీ తిప్పేసింది.

"ఆ కాయితం ఒకసారి ఇవ్వు. చదవాలి."

"లూనాషిన్ సంతకం అయిపోయిందమ్మా. మీరు ప్రశాంతంగా ఉండండి."

పేజీ తిప్పుతున్నప్పుడు కింద మా ఆయన సంతకం కనిపించింది. సాక్షిగా వదిన సంతకం. నేను ఇరవై రెండేళ్ళుగా జనాన్ని తిడుతున్న తిట్లన్నీ నా గొంతులోకి వచ్చి అడ్డం పడ్డాయి.

సరిగ్గా అప్పుడు కరెంటు పోయింది. లైట్లన్నీ ఆరిపోయాయి. జనరేటర్ అందుకునే లోపు ఒక సందు ఉంటుంది, ఈ ఊళ్ళో ఉన్నవాళ్ళకి దాని పొడవు తెలుసు. ఆ మసక వెలుతురులో, ఎప్పుడూ లాగే, నా తల మీదుగా ఒడియా మొదలైంది. దేవుడి దయ ఉంటే పైదాకా కోయక్కర్లేకపోవచ్చు అంది వదిన. దీనికి తెలియకపోవడమే మంచిదైంది అంది.

"మోతే కుహ," అన్నాను.

నాకు చెప్పు అని. నా నోటి నుంచి వచ్చిన మొదటి ఒడియా మాట. ఇరవై ఆరేళ్ళు దాచిన మాట పలికితే ఎలా ఉంటుందో నాకే తెలియదు. గొంతు కీచుగా వచ్చింది.

వదిన చెయ్యి నా భుజం మీంచి జారిపోయింది. మా ఆయన మాత్రం కదల్లేదు. కింద జనరేటర్ దడదడలాడి లైట్లు వెలిగాయి.

"నీకు ఒడియా వొచ్చేటి?" అంది వదిన, తెలుగులోకి వచ్చి.

"పెళ్ళైన ఆర్నెల్ల నుంచి."

"ఇన్ని దినాలూ దొంగసెవులేసుకుని ఇన్నావేటే?"

చూడండి ఆ మాట. నా కడుపు గురించి నా వెనక సంతకాలు పెట్టిన మనిషి, దొంగ నేనంటుంది. అప్పుడే నేను కమ్మీ దించాను. నర్సు "అమ్మా, అమ్మా" అంటూ వెంటపడింది. వదిన "పడిపోతాది, పట్టుకోండి" అని అరిచింది. వరండాలో ఉన్న లూనాషిన్లందరూ లేచి నిలబడి చూశారు. పారిపోవడం అన్న కథకి మూలం ఇదే.

డాక్టరమ్మ ఆకుపచ్చ టోపీ పెట్టుకుని టీ తాగుతోంది. నన్ను చూసి కప్పు పక్కన పెట్టింది.

"సయామా," అన్నాను. ఇక్కడ డాక్టరమ్మనీ పంతులమ్మనీ అలాగే పిలుస్తాం. "నాలోంచి ఏమేం తీస్తున్నారు?"

"మీకు చెప్పలేదా?"

"మీరు చెప్పారా?"

"మీరు భయస్తులని, మెల్లగా తామే చెప్తామని మీవాళ్ళు అన్నారు."

"నేను భయస్తురాలినా కాదా ఇప్పుడు చూస్తున్నారు కదా. చెప్పండి."

కుర్చీ లాక్కుని కూర్చున్నాను. మందుల చీటీ వెనక ఆవిడ బొమ్మ గీసింది. మంచి బొమ్మ. గడ్డ కోడిగుడ్డంత. చూస్తే అనుమానంగా ఉంది, తెరిస్తేగానీ చెప్పలేం. చెడ్డదైతే రెండు అండాశయాలూ, పొట్ట లోపలి కొవ్వుపొరా తీయాలి, కోత బొడ్డు దాటి నాలుగు వేళ్ళు పైకి వెళ్తుంది. నాలుగు వేళ్ళు. నేను పది రోజులు రొమ్ముల దాకా గీసుకుంటున్నాను.

"గడ్డ మంచిదైతే ఎడమది ఉంచచ్చా?"

"మీ వయసులో చాలామందికి రెండూ తీసేస్తాం. కావాలంటే ఉంచుతాను."

"ఉంచండి. ఫైలు తెప్పించండి, రాద్దాం."

ఫైలు వచ్చింది. మొదటి నుంచి చివరిదాకా చదివాను. నా పేరులో ఒక అక్షరం తప్పుంది, దిద్దాను. గడ్డ మంచిదైతే ఎడమ అండాశయం ఉంచాలి అని పక్కన రాసి, పేజీ పేజీకీ పొడి సంతకం పెట్టాను. మా ఆయన సంతకం పైన నా పూర్తి సంతకం. మూడో పేజీలో సంతకం వంకర పోయింది, అది కూడా నాదే.

"ఇలా ఎవరూ చేయరు," అని నవ్వింది డాక్టరమ్మ.

"చేయనివ్వరు," అన్నాను.

నా వంతు మధ్యాహ్నానికి మార్చారు. అంతసేపూ వార్డులో పడుకుని ఉన్నాను. భయం పోలేదు. పోతుందని చెప్పేవాళ్ళని నమ్మకండి. కాకపోతే ఇప్పుడు అది కోడిగుడ్డంత, నాలుగు వేళ్ళంత. అంతకు మించి పెరగనివ్వకుండా దాన్ని పట్టుకుని కూర్చోవచ్చు. రెండోసారి తోసుకెళ్తుంటే నేనే నర్సుని అడిగాను, జనరేటర్‌లో డీజిల్ ఉందా అని. ఉందంది. అది కూడా రాసివ్వమంటానేమోనని దాని ముఖంలో కంగారు.

గడ్డ మంచిదే. ఎడమది నాలోనే ఉంది. నాకు తెలివి రాగానే అడిగిన మొదటి మాట అదేనట. ఆ మర్నాడు వదిన నా నోట్లో చెంచాతో జావ పోస్తూ, "సూసినావా? మంచిదే అయ్యింది. సెప్పుంటే పది దినాలూ వూరికే బయపడిపోదువు," అంది.

"బయపడే ఉన్నాను వదినా. నువ్వు సూడనేదు, అంతే."

"సూస్తే నాను తట్టుకోగలనేటి?"

కుట్లు లాగుతున్నా నవ్వొచ్చింది. పది రోజుల తరవాత మొదటి నిజం. అదీ పొరపాటున జారింది. నా భయం చూసి ఆవిడ తట్టుకోలేదు కాబట్టి, నేను ఒంటరిగా పడాలి. మా నాన్నకి చెప్పనప్పుడు మేమూ ఆయన కోసమే అనుకున్నాం. మంచం మీద ఆయన నా ముఖంలోకి చూస్తూ ఉంటే నేను కిటికీ సర్దుతూ ఉండేదాన్ని. ఆయనకి ఎంత తెలుసో ఇప్పుడు ఎవరిని అడగను? ఆ సంగతి చెప్తే కోపం చల్లారుతుందనుకున్నాను. చల్లారలేదు. నా వాటా కూడా వచ్చి కలిసింది. అబ్బాయికి ఆ సాయంత్రమే ఫోన్ చేసి అన్నీ చెప్పాను. వాడు గంటసేపు నన్ను తిట్టాడు. బాగా తిట్టాడు, నా కొడుకే.

ఇంటికొచ్చిన మూడు వారాలకి మా ఆయన టీ పెట్టి తెచ్చాడు. వదిన గుడికి వెళ్ళింది, నా కథ చెప్పడానికే అయ్యుంటుంది. ఆయన కప్పు నా చేతికిచ్చి, నేల చూస్తూ అన్నాడు:

"నీకు ఒడియా వొచ్చని నాకెప్పుడో తెల్సు."

"ఎప్పుడు?"

"అబ్బాయి పుట్టిన ఏడు. మా నాన్న ఏదో ఒడియాలో యెటకారమాడితే, నువ్వు అటేపు తిరిగి నవ్వినావు."

"మీ అక్కకి సెప్పనేదేటి?"

"సెప్తే నీకేటి మిగులుతాది?"

అని లేచి వెళ్ళి, చొక్కా వేసుకుని, వీధిలోకి వెళ్ళిపోయాడు. ఇరవై మూడేళ్ళు నా తాళం సంగతి తెలిసి, కాపలా కాసిన మనిషి మీద ఎలా కోపగించుకోవాలో నాకు తెలియలేదు. కాసేపటికి తెలిసింది.

మరుగుదొడ్డి తలుపు. నేను లోపల ఉన్నానని వదిన తట్టింది, నేను పలికాను, ఆయన విన్నాడు. నాకు అర్థమవుతుందని తెలుసు. తెలిసి, ఆ తలుపుకి జానెడు దూరంలో నిలబడి, ఎన్నడూ లేనిది ఒక్కొక్క ముక్కా విడమరిచి చెప్పాడు. అంటే నాకే చెప్పాడా? మరి బయటికొచ్చాక నా ముఖంలోకి ఎందుకు చూడలేదు? చారు మీద చారు పోసుకున్నప్పుడు, నాకు తెలుసని తనకు తెలిసి కూడా ఎందుకు నోరు విప్పలేదు?

నాలుగుసార్లు అడిగాను. నాలుగుసార్లూ ఏదో పని గుర్తొచ్చి లేచాడు. ఆయన ఇది చదువుతాడని తెలుసు కాబట్టి ఇక్కడ, అచ్చులో, అందరి ముందూ అడుగుతున్నాను. ఏటండి, ఆ రోజు తలుపు అవతల మీరు మాట్లాడింది మీ అక్కతోనా, నాతోనా?